గడ్డి నమిలే నోట్లో ఎముక

ఆత్మకూరు పశువైద్యశాల కిటికీ అవతల ఏ గేదైనా నెమరు వేస్తుంటే, పళ్లు రాసుకునే ఆ చప్పుడుకి మందులు రాస్తున్న నా చెయ్యి ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పశువు చేసే చప్పుడే అది. అయినా లేచి వెళ్లి చూసి వస్తేగాని నాకు కుదురుండదు. ఈ కుదురులేనితనం నాకు అంటించింది ప్రేమలత మేడమ్. నేను డాక్టరమ్మగా ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఉదయగిరిలో మా పెద్ద డాక్టరు ఆవిడే. కుర్చీలో కూర్చున్నా పాదం ఆడిస్తూనే ఉండేవారు. టీ కూడా నిలబడే తాగేవారు.

ఒకరోజు కొండ కింది పల్లెలో మస్తానమ్మ అనే రైతు ఆవు మేత మానేసిందని కబురొచ్చింది. మేం వెళ్లేసరికి దాని నోటి నుంచి చొంగ తీగలుగా సాగుతోంది. జనం దూరంగా నిలబడ్డారు.

"దగ్గరికి పోబాకండి మేడమ్! పిచ్చికుక్క కరిచినట్టుండాది" అన్నాడు పక్కింటాయన.

"కరవడం ఎవరన్నా చూసినారా?"

ఎవరూ చూడలేదు. మస్తానమ్మ మాత్రం, "గడ్డి కోసం మెడ చాస్తానే ఉండాది మేడమ్. ఆకలిగా ఉండాది దానికి" అంది. ఆ ఇంటికి ఉన్నది ఆ చూడి ఆవొక్కటే.

మేడమ్ దాని చుట్టూ దూరం నుంచే తిరిగారు. ఆవుకు పైదవడలో ముందు పళ్లుండవు, గట్టి చిగుళ్లే. ఈ ఆవు కాళ్ల దగ్గరి గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్లకూ ఆ చిగుళ్లకూ మధ్య పట్టి చక్కగా తెంపింది. వెనక దవడపళ్ల దాకా పోయాక, దవడ ఒక్కసారి పక్కకు తిప్పి అంతా వదిలేసింది.

"వెనక పళ్ల దగ్గర ఏదో అడ్డం ఉన్నట్టుంది" అంటూ మేడమ్ చేతులకు గ్లౌజులు తొడుక్కున్నారు.

"నిజంగా రేబిసే అయితే మేడమ్?" అన్నాను.

"టీకాలు వేయించుకున్నావు గదా? అయితే టార్చి పట్టు."

ఆవు మెడను కొయ్యకు బిగించి కట్టి, నోరు మూతపడకుండా ఇనుప చట్రం పెట్టాం. నేను టార్చి వెలుగు లోపలికి వేశాను. పైదవడలో రెండు వరసల పళ్ల మధ్య ఎముక ముక్క ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. మేడమ్ దాన్ని పట్టకారుతో లాగి మస్తానమ్మకు చూపించారు.

"ఇది కుక్క తినేదమ్మా. దానికి కోరలుంటాయి, వెనక పళ్లు కత్తెర మాదిరి ఉంటాయి, విరగ్గొడతాది. నీ ఆవుకుండేవి తిరగళ్లు. గడ్డి నలపడానికే పనికొస్తాయి."

"మరి ఎందుకు నమిలింది మేడమ్?"

"మేతలో సత్తువ చాలక. దాణాలో ఖనిజాల పొడి కలుపు."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మేడమ్ మాత్రం ఆ నోట్లో చెయ్యి పెట్టవద్దని మస్తానమ్మకు గట్టిగా చెప్పి, మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు. "తింటోంది గదా, ఇంకెందుకు మేడమ్?" అని అడిగాను.

"ఒక కారణం దొరికిందని ఇంకోటి లేదని ఎట్లా చెప్తాం?" అంటూ బండి తీశారు.

ఆవు బతికింది, ఈనింది. మేడమ్ రిటైరై వెళ్లిపోయారు. ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. మొన్న అనంతసాగరం దగ్గర ఒక గేదె నాలుకలోంచి ముల్లు తీశాను. ఇంటివాళ్లు సంతోషంగా సాగనంపారు. ఊరి మలుపు దాకా వచ్చాక ముందుకు పోలేక బండి వెనక్కి తిప్పాను.

"మళ్లా ఏంది మేడమ్?" అన్నాడు రైతు కంగారుగా.

"ఏం లేదన్నా. ఇంకొక్కసారి దాని నోరు తెరిపించు" అన్నాను.