ఏడో నంబరు తాళం

నీ పనేమిటని ఆ పరాయి దేశపు ఊరు క్రాన్‌బర్న్‌లో ఎవరైనా అడిగితే, "పన్నెండు కార్లకీ ఒకే జాతకం రాస్తానండీ" అనేవాడు ద్వారకానాథ్. ఉత్త గొప్పలు కావు. పిలుపు అందినవాళ్ళే పాల్గొనే అక్కడి కారు పందేల్లో కార్లన్నిటినీ ఒకే అచ్చుగా సిద్ధం చేసేది అతనే. ఎవరికే కారో టోపీలోంచి తీసిన తాళమే చెబుతుంది. ఆ పందేల తొమ్మిదేళ్ళ చరిత్రలో ఓడినవాడెవడూ కారుని తిట్టలేదు. తెనాలి నుంచి చదువుకోడానికి వచ్చి, చదువుని అటకెక్కించి మెకానిక్ అయిన మనిషికి అదే బిరుదు, అదే శాలువా.

ఆ శాలువాని తన చేత్తోనే చింపుకున్నాడు.

శనివారం, మర్నాటి పందేనికి టోపీలోంచి తాళాలు తీశారు. ఏడో నంబరు వచ్చిన పాత చాంపియన్ ఒకడు తన సొంత కారు తాళం ద్వారకానాథ్ మీదకి విసిరి, "నీడలో పెట్టు" అన్నాడు. పదిమందీ నవ్వారు. తొమ్మిదేళ్ళుగా తను సిద్ధం చేసిన కార్లు నడుపుతూ, తన ముఖమే గుర్తు లేదు వాడికి! ఒళ్ళు మండి, ఏడో నంబరు వెనక టైర్లలో కాస్త గాలి తీసేశాడు. మలుపుల్లో వెనకబడతాడు, అంతేగా అనుకున్నాడు.

ఆదివారం ఒక డ్రైవరు జ్వరమని రాలేదు. ఒక్కరు తగ్గినా తాళాలన్నీ మళ్ళీ టోపీలో వెయ్యాలన్నది అక్కడి నియమం. ఈసారి ఏడో నంబరు సింధుజకి వచ్చింది. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, ఇరవై రెండేళ్ళు, ఇదే మొదటి పిలుపు. బాగా నడిపితేనే మళ్ళీ పిలుస్తారు. "ఒక్క నిమిషం, గాలి చూడాలి" అంటే సరిపోయేది. కానీ అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టింది తనే. పక్కకి తప్పుకుని కారుకి దారిచ్చాడు.

తీసిన గోతిలో తీసినవాడే పడతాడంటారు. అలా పడినా బాగుండేది.

పందెంలో సింధుజ చిట్టచివర వచ్చింది. హెల్మెట్ తీసి నేరుగా అతని దగ్గరికే నడిచింది.

"సారీ అంకుల్. కార్లన్నీ సేమే కదా. సో ఇట్స్ మీ. ఐయామ్ క్విటింగ్."

సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. "నీ తప్పు కాదమ్మా. తప్పు కారుది."

"యూ ఆర్ సో స్వీట్, అంకుల్" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఓదార్పనుకుంది పిచ్చిపిల్ల. అక్కడితో ఊరుకుంటే మంచివాడిగానే మిగిలిపోవచ్చు. ఆ మంచి పేరే అతను భరించలేకపోయాడు.

గాలి కొలిచే మీటరు ఆమె చేతిలో పెట్టాడు. "ఏడో నంబరు చూడు, పక్కనున్న ఎనిమిదీ చూడు. గాలి నేనే తీశానమ్మా. ఇంకొకడి మీద కోపంతో."

ఆమె రెండు కార్ల దగ్గరా వంగి కొలిచింది. మీటరు అతని చేతికివ్వకుండా నేల మీద పెట్టింది.

"వేర్ ఈజ్ ద రేస్ ఆఫీస్?" అంది. ఈసారి అంకుల్ అనలేదు.

అతనే ముందు నడిచి దారి చూపించాడు.