చిగుళ్ళ చీటీ

మా మావయ్య కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర, ముప్పై ఆరేళ్ళుగా అదే పని. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేది నేను. పళ్ళ సెట్టు తయారయ్యాక దాన్ని నున్నగా చెయ్యడానికి యంత్రం ఉంది, కాదనను. కానీ ఆఖరున మావయ్య కళ్ళు మూసుకుని, కుడిచేతి బొటనవేలితో దాని అంచంతా ఒకసారి తడుముతాడు. ఎక్కడో ఒకచోట ఆగి "ఇక్కడ కోస్తుంది" అంటాడు. నేను భూతద్దం పెట్టి చూసినా అక్కడ ఏమీ కనిపించదు. ఆ కాస్తా అరగదీసి ఇస్తే, పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు. డాక్టరుగారంతటివాడు కూడా ఆ వేలి మాటకి ఎదురు చెప్పడు.

చలికాలం మొదట్లో ఆ వేలు మొద్దుబారిపోయింది. పక్షవాతం చిన్నగానే వచ్చి పోయింది. మాట దక్కింది, నడక దక్కింది. కుడి బుగ్గ, కుడిచేతి వేళ్ళు మాత్రం తిమ్మిరెక్కి ఉండిపోయాయి. వేళ్ళు కదులుతాయి, కానీ దేన్ని పట్టుకున్నా తెలియదు. "ఎండలు ముదిరేలోగా స్పర్శ రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకోండి" అని డాక్టరుగారితో తనే చెప్పి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలు అంతే. ఆయన్ని లేపడం మా అత్తయ్య తరం కూడా కాలేదు. ఆవిడ తరం కానిది ఈ భూమ్మీద ఒకటుందని నాకప్పుడే తెలిసింది.

వ్యాయామాలు నేర్పే ఆవిడ ఒక చీటీ రాసిచ్చింది. కళ్ళజోడు పెట్టుకోనని మావయ్య మొండికేస్తే అత్తయ్యే చదివి వినిపించింది. "రోజూ పొద్దున చెప్పులు లేకుండా ఐదు నిమిషాలు నేల మీద నిలబడాలి. తరవాత చిగుళ్ళని బొటనవేలితో మెల్లగా రుద్దాలి." మర్నాడు పొద్దున్నే ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లో దానిమ్మ చెట్టు దగ్గరికి నడిపించింది.

ఆ చెట్టుకి అప్పుడు చిగురు మాట అటుంచి, ఒక్క ఆకు లేదు. మొండి కొమ్మలు, ముళ్ళు. నేను ఆసుపత్రికి వెళ్తూ రోజూ అటు తొంగిచూసేదాన్ని. మావయ్య తడి మట్టిలో రెండు పాదాలూ ఆనించి నిలబడేవాడు. "ఇవాళ నేల నిన్నటంత చల్లగా లేదే" అనేవాడు. చోద్యం చూద్దామని నేనూ చెప్పులు విప్పి నిలబడితే, నిజమే, మట్టిలో చలి రోజుకింత విరుగుతోంది. ఇన్నేళ్ళు ఆ నేల మీదే తిరిగి నాకు ఆ సంగతే తెలియదు. ఆ తరవాత ఆయన ఒక్కొక్క కొమ్మ చివరా బొటనవేలు పెట్టి, కాసేపు ఆగి, "సంతోషం" అని దానికి చెప్పి, పక్క కొమ్మకి వెళ్ళేవాడు.

"ఏం తగిలిందని సంతోషం?" అన్నాను ఓ రోజు. నా నోరు ఊరుకోదు.

"ఏం తగల్లేదు."

"మరి?"

"ముట్టుకోనిచ్చింది కదే. ఉత్తినే వచ్చి మీద చెయ్యేస్తే నువ్వయితే ఊరుకుంటావా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన వేలికి ముల్లు దిగి ఉంది. రక్తం మణికట్టు దాకా కారుతున్నా ఆయన పై కొమ్మనే చూస్తున్నాడు. నేను చూపించాక ఆ చేతిని చాలాసేపు చూసుకున్నాడు, ఇంకెవరిదో చెయ్యి చూసినట్టు. ఆ రోజు ఇంకో కొమ్మ ముట్టుకోలేదు. ఎండ అప్పటికే వీపుకి చురుక్కుమంటోంది.

మూడో వారంలో చీటీ నా కంటబడింది. పైన "కాళ్ళకి" అని రాసి కింద గీత, దాని కింద "నోటికి" అని రాసి ఇంకో గీత. చిగుళ్ళ సంగతి నోటికి కింద ఉంది. అంటే తిమ్మిరెక్కిన బుగ్గ కోసం పంటి చిగుళ్ళని రుద్దుకోమన్నారు. జీవితమంతా జనం చిగుళ్ళకి పళ్ళు అమర్చిన మనిషి వాటిని చెట్టు చిగుళ్ళని ఎలా పొరబడ్డాడో నాకర్థం కాలేదు. జబ్బంతా చేతిలోనే ఉందని కూర్చున్నవాడికి నోరు గుర్తురాలేదు కాబోలు.

చీటీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. "అత్తయ్యా, ఇది నోట్లో చిగుళ్ళు."

"నాకు చదవడం రాదనుకున్నావా?" అంది కూర తరుగుతూ, తల ఎత్తకుండానే.

"తెలిసే తిప్పుతున్నావా ఆయన్ని?"

"నోట్లో వేలు పెట్టుకోండి అంటే ఆ మనిషి మంచం దిగేవాడా? నోటి సంగతి పళ్ళు తోమేటప్పుడు నేను చూసుకుంటున్నాలే. నువ్వు మాత్రం నోరు మూసుకో."

మూసుకున్నాను. నా జన్మలో అదే మొదటిసారని ఆవిడ తరవాత అందరికీ చెప్పుకుంది.

ఇంకో వారం గడిచింది. ఆ ఆదివారం పొద్దున మావయ్య కళ్ళు మూసుకుని కొమ్మలు తడుముతున్నాడు. నాలుగో కొమ్మ దగ్గర వేలు ముందుకెళ్ళి, వెనక్కి వచ్చి, ఆగింది.

"ఇది నిన్న లేదు" అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. బూడిదరంగు కొమ్మ తప్ప ఏమీ లేదు. ముక్కు కొమ్మకి తగిలేంతగా వంగి చూస్తే, బెరడు చీలికలోంచి ఆవగింజలో సగమంత ఎరుపు. నిన్న సాయంత్రం దాకా పొయ్యిలో పెట్టడానికి తప్ప పనికిరాదనిపించిన కొమ్మ, లోపల ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళూ తన పని చేసుకుంటూనే ఉంది. ఆ వేలూ అంతే. తెగిపోయిన దారిని చీకట్లో ఎలా వెతుక్కుందో, ఎవరు చూపించారో తెలియదు. రెండూ ఒకే పొద్దున బయటికొచ్చి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. గట్టిగా ఊపిరి తీసుకోవడానికి కూడా నాకు భయం వేసింది.

మావయ్య కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందేమోనని ఆయన భయం. "ఏమే, ఓసారి ఇలా రా" అని అత్తయ్యని పిలిచాడు. తడి చేతులతోనే వచ్చింది. నేను కొమ్మ వైపు వేలు చూపించాను. ఆవిడ కొమ్మని చూసింది, ఆయన మొహం చూసింది. ఆయన చెయ్యి గాలిలో వెతుక్కుని ఆవిడ చెంప మీద ఆగింది. బొటనవేలు కంటి కింద నెమ్మదిగా కదిలింది.

"తడిగా ఉందేమే?" అన్నాడు.

"గిన్నెలు కడుగుతూ వచ్చాను. ఆ నీళ్ళే."

"కాదు," అన్నాడు మావయ్య, "ఇది వెచ్చగా ఉంది."