దాలయ్య నాలుక

కరెంటు లైను ఎక్కడ పేలినా, ఎందుకు పేలిందో తేల్చడం దాలయ్య పని. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూలబడతాడు, స్తంభం మీంచి పగిలి పడ్డ పింగాణీ ముక్క ఏరి నాలిక్కి ఆనించుకుంటాడు. ఆఫీసు మిషన్లన్నీ ఆ తరవాతే. వండూర్‌లో సముద్రపొడ్డు లైను పేలి లైన్‌మన్ చెయ్యి కాలిన రోజూ అంతే చేశాడు. ముక్క నిండా ఉప్పు. సముద్రపు గాలికి పట్టే ఆ ఉప్పు కడక్కపోతే లైను పేలుతుంది. నిన్ననే కడిగామని రిజిస్టర్లో సంతకం ఉంది. ఆ సంతకం సొంత బావమరిది గోపినాథ్‌ది.

"పిడుగని రాసెయ్ బావా. నా నౌకరీ పోద్ది. అక్క మొహమైనా చూడు."

"మబ్బే లేదు కదరా! పిడుగు మీ నాన్న విసిరాడా?" అని దాలయ్య ముక్క అతని చేతిలో పెట్టాడు. "నువ్వూ నాకి చూడు. ఉప్పు లేదంటే పిడుగనే రాస్తాను."

గోపినాథ్ దాన్ని నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

దాలయ్య ఉప్పనే రాసి ఇంటికి నడిచాడు. వాకిట్లో పెళ్ళాం నిలబడే ఉంది.