ఏ జాబితాకీ పనికిరాని నా పేగులు

గచ్చిబౌలిలోని ఒక పరిశోధనశాలలో, పట్టపగలు, నిండు ముప్ఫై ఏళ్ల నన్ను ఆరోగ్యవంతుల జాబితా నుంచి కొట్టేశారు. ఆ ఘోరం గురించే ఈ గోడు.

"మీ పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు బాగా తక్కువున్నాయండి" అన్నారు పరిశోధకురాలు సునీత. "మా రోగుల్లోనే కొందరికి ఇంతకంటే ఎక్కువున్నాయి."

"బంద్ రోజు బస్సుల్లేక బాలానగర్ నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాను మేడం. నేను రోగినా?"

"నడకతో దీనికి పనిలేదండి. మిమ్మల్ని ఉంచితే నా రెండేళ్ల పని పాడవుతుంది."

అవి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. నేను పత్రికా విలేకరిని. ఆరోగ్యవంతుల పేగుల్లో రకరకాల సూక్ష్మజీవులు కాపురముంటాయనీ, కొన్ని జబ్బుల్లో ఆ వైవిధ్యం తగ్గుతుందనీ సునీతగారు చెబితే రాసుకున్నాను. పోల్చడానికి ఆరోగ్యవంతులు దొరకడం లేదని ఆవిడ వాపోతే, రొమ్ము విరుచుకుని మలం డబ్బా సమర్పించాను. అక్కడితో ఆగానా? ఫలితం రాకముందే 'నా కడుపొక మహానగరం' అంటూ ఆదివారం అరపేజీ వ్యాసం దంచాను.

"గత మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ వాడలేదని ఫారంలో రాశారు కదండీ?" అని అడిగారావిడ.

"డాక్టరు మొహమే చూడలేదు. పోయిన నెల జ్వరమొస్తే మెడికల్ షాపు యాదగిరన్న నాలుగు గోళీలిచ్చాడు, అంతే."

డాక్టరు చీటీ మీద రాసేదే యాంటీబయాటిక్ అని, షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చేది ఉత్త గోళీ అని నా గట్టి నమ్మకం. మీలో ఎందరు నవ్వగలరో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. పర్సులో మిగిలిన గోళీల అట్టముక్క తీసిచ్చాను. ఆవిడ దాని వెనక పేరు చదివి నిట్టూర్చారు.

"ఇది గట్టి యాంటీబయాటికే. జబ్బు క్రిములతో పాటు మంచివాటినీ ఊడ్చేస్తుందండి."

"నన్ను అడక్కుండానా?"

అక్కడినుంచే ఫోన్ కొట్టాను. "ఏందన్నా, గిట్ల చేసినవ్?"

"జ్వరం తగ్గిందా లేదా తమ్మీ?" అన్నాడు యాదగిరన్న.

"తగ్గింది."

"మరి పరేషాన్ ఏంది? ఇగ ఫోన్ పెట్టు, గిరాకీ ఉంది."

చివరికి దిగొచ్చాను. "పోనీ, రోగుల జాబితాలోనన్నా రాయండి మేడం."

"మీకు జబ్బు లేదు కదండీ. అందులోకీ రారు."

ఊరంతా 'నువ్వెటు' అని నిలదీసుకుంటున్న కాలంలో, ఎటూ చెందనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: చీటీ లేని గోళీ మింగను, ఫలితం రాని కడుపు గురించి రాయను.

పోయిన రకాలు తిరిగొచ్చాయా అని ఈమధ్య సునీతగారిని అడిగాను. గోళీలకు ముందు ఎన్నుండేవో ఎవరూ చూడలేదు కాబట్టి చెప్పలేమన్నారు.