తప్పు నా పాదాలది కాదు

"నీ పాదాలు స్కీయింగ్‌కి పనికిరావు" అని శిక్షకుడు హిందీలో చెప్పినప్పుడు నేను మంచు మీద కూర్చుని ఉన్నాను. లేవడానికి ఓపిక లేక కాదు. కాలిగోళ్లు నల్లబడిపోయి, వేళ్లు బూటులో ఆనించలేక. ఆయన అంతటితో ఊరుకోలేదు. "మీ దీవుల్లో అందరూ చెప్పుల్లేకుండా తిరుగుతారు కదా, పాదాలు పలకల్లా పరుచుకుపోతాయి. నీ తప్పేం లేదులే, బేటీ" అని ఓదార్చాడు కూడా. తిట్టినా పడేదాన్నేమో, ఆ ఓదార్పుకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో కాలేజీ చదువుతున్నాను. మాది జంగ్లీఘాట్. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన తాత ఇక్కడే వల వేసుకుని, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మా అయ్య కూడా వేటకే వెళ్లేవాడు. కాలేజీ క్యాడెట్లలో ఏటా ఒకరిని ఉత్తరాది మంచుకొండలకు స్కీయింగ్ నేర్చుకోవడానికి పంపేవారు. పరుగులో నన్ను మించినవాళ్లు లేరని ఆ ఏడు నన్ను పంపారు. హాడో రేవులో ఓడ, మద్రాసులో రైలు, ఆ తర్వాత బస్సు. ఆ ప్రయాణానికి పట్టినన్ని రోజులు కూడా నేను మంచు మీద నిలవలేదు.

స్కీ బూటు చూడనివాళ్ల కోసం చెబుతాను. పైన గట్టి ప్లాస్టిక్ డొప్ప, దాన్ని బిగించడానికి ఇనప కొక్కేలు. ఆ డొప్ప లోపల మెత్తగా కుట్టిన ఇంకో బూటు ఉంటుంది, దాన్ని లైనర్ అంటారు. పాదాన్ని పట్టి ఉంచేది ఈ లైనరే. నాకిచ్చిన జత ఎంతమంది కాళ్లు మారి వచ్చిందో గానీ, లోపలి మెత్తంతా అణిగిపోయి గోనెపట్టాలా ఉంది. మోకాళ్లు వంచితే చాలు, మడమ లోపలే పైకి లేచేది. పాదం ముందుకు జారి వేళ్లు డొప్పకు కొట్టుకునేవి. కొక్కేలు బిగిస్తే కాలు తిమ్మిరెక్కేది. ఇంకో జత మేజోళ్లు వేసుకోమన్నారు. వేసుకుంటే ముందు భాగం మరీ ఇరుకైంది, మడమ ఆట మాత్రం ఆగలేదు. వేరే బూట్లు ఇమ్మని స్టోరులో అడిగితే, "సబ్ ఠీక్ హై" అని కిటికీ వేసేశాడు అక్కడి మనిషి.

నన్ను మధ్యలోనే ఇంటికి పంపేస్తున్న రోజున బూట్లు అప్పజెప్పడానికి వెళ్లాను. ఆ మనిషే వాటిని తిరగేసి చూశాడు. "ఇవా? ఇవి పారేసే కుప్పలోవి. కావాలంటే గుర్తుగా ఉంచుకో" అని నవ్వాడు.

పారేసే బూట్లు నాకు తొడిగారు. పనికిరానివి మాత్రం నా పాదాలట! బూట్లు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇంట్లో మా అయ్య వాటిని అటూ ఇటూ తిప్పి, "ఇయ్యేటే గుంటా, గుర్రం డెక్కల్లాగున్నాయి? ఇయ్యేసుకుని మనుసులు నడుత్తారా?" అన్నాడు. అమ్మ నా గోళ్లు చూసి బూట్లను సముద్రంలో పారేయమంది. నాకు కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, మా క్యాడెట్ల ఇన్‌చార్జి సారు మీద. మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కాలేజీ మైదానంలో అందరి ముందూ, "ఫికర్ మత్ కరో. మచ్ఛీవాలోంకే పైర్ ఐసే హీ హోతే హై" అన్నాడు. బాధపడొద్దట, చేపలవాళ్ల పాదాలు అంతేనట. ఆ పాదాలతోనే కదా నేను వాళ్ల పరుగు పందేలన్నీ గెలిచింది! అప్పుడు ఎవరికీ కనపడలేదా వాటి వెడల్పు?

ఆ సాయంత్రమే లైనర్లు డొప్పల్లోంచి పీకాను. వాటి కంపుకు అమ్మ ముక్కు మూసుకుని అవతలికి పోయింది. సబ్బునీళ్లలో ఉతికి, నీడన ఆరబెట్టాను. పాదానికీ లైనరుకీ మధ్య ఖాళీ ఎక్కడుందో తెలియాలి కదా. మైదా పిండి తడిపి ముద్దలు చేసి, పాలిథిన్ కాగితంలో చుట్టి లోపల అక్కడక్కడా పెట్టి, లైనరును మళ్లీ డొప్పలో దించి, కాలు దూర్చి కొక్కేలు బిగించాను. తీసి చూస్తే చిటికెన వేలి దగ్గర ముద్ద కాగితంలా పలచబడిపోయింది. మడమ వెనకా, చీలమండ కిందా మాత్రం పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంది. బూటు నాకు చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. ఒకచోట మెత్త ఎక్కువ, ఒకచోట అసలు లేదు. అంతే సంగతి.

ఓడల అడుగు చూడ్డానికి నీళ్లలోకి దిగే డైవర్లు కొందరు అయ్యకు తెలుసు. వాళ్లు తొడుక్కునే రబ్బరు సూటు చిరిగిపోతే, దాని చెయ్యి ఒకటి అడిగి తెచ్చాడు. మెత్తగా ఉంటుంది, నొక్కితే మళ్లీ లేస్తుంది. మొదట దాన్ని గుండ్రంగా కోసి సరిగ్గా చీలమండ ఎముక మీదికి వచ్చేలా లైనరుకు అంటించాను. తొడుక్కుని నాలుగడుగులు వేసేసరికి ప్రాణం పోయింది. ఎముకను నొక్కితే నొప్పి కాక ఏమవుతుంది? పీకేసి ఇంకోలా కోశాను. ఈసారి ఎముకను వదిలేసి దాని వెనక నుంచి కిందికి దిగి, ముందుకు తిరిగే వంకర ముక్క. లైనరుకు బయటివైపు, సైకిల్ ట్యూబులకు పూసే సొల్యూషన్‌తో అంటించాను.

"గాలంలాగే కోసినావే!" అన్నాడు అయ్య.

"మడమని పట్టుకోవాల కదా" అన్నాను.

చిటికెన వేలి దగ్గర ఎక్కువైన మెత్తను గరుకు కాగితంతో బయటినుంచి అరగదీశాను. ఇక మిగిలింది లైనరును నా పాదానికి ఒదిగేలా చెయ్యడం. పాత మేజోళ్లలో బియ్యం పోసి మూతి కట్టి, పెనం మీద వేడిచేసి లైనర్లలో పెట్టాను. మెత్త వేడెక్కి వదులయ్యాక మూటలు తీసేసి, వేళ్లకు కాస్త చోటు మిగిలేలా గుడ్డ చుట్టి, పైన మేజోడు తొడిగి, బూట్లలో నిలబడ్డాను. చల్లారేదాకా కదలకూడదు. జంగ్లీఘాట్ ఉక్కలో, పిక్కలదాకా ప్లాస్టిక్ డొప్పలు బిగించుకుని, చెమటలు కారుతూ వాకిట్లో కొయ్యలా నేను. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. "దీదీ, ఈ రోజు మంచు పడతాదేటి?" అని చేపల గంపతో వెళ్తున్న ఒకావిడ నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

చల్లారాక రేవుకు దిగే వాలు మీదికి వెళ్లి మోకాళ్లు ముందుకు వంచాను. మడమ లేవలేదు. ఇంకా వంచాను. అయినా లేవలేదు. వేళ్లు హాయిగా కదులుతున్నాయి. సంతోషం రావాలి నిజానికి. నాకు మాత్రం ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక రబ్బరు ముక్కతో పోయేదానికి నన్ను అన్ని సముద్రాలు దాటించి వెనక్కి తోలేశారే!

మర్నాడు ఆ బూట్లు వేసుకునే ఆటోలో సారు దగ్గరికి వెళ్లాను. వరండాలో టకటకా నడిచి ఆయన ముందు నిలబడ్డాను. "సార్, ఇప్పుడు నా మడమ లేపి చూడండి" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. వంగి బూటు పట్టుకుని చూశాడు కూడా.

"వాహ్! చాలా బాగా చేశావే. కానీ వచ్చే చలికాలం సీటు ఇంకో అమ్మాయికి ఇచ్చేశాను" అన్నాడు. ఆ అమ్మాయి హాడో క్వార్టర్లలో ఉండే ఒక ఆఫీసరు కూతురు. మా కాలేజీయే. ఆయన ఇంకా ఏమన్నాడో వినండి. "ఒక పని చెయ్యి. ఈ బూట్లు ఆ అమ్మాయికి ఇచ్చెయ్. నీకు ఇక అవసరం లేదు కదా."

"ఇవి నా పాదానికి చేసుకున్నవి సార్. ఇంకెవరి కాలికీ పట్టవు. పట్టినా ఇవ్వను" అన్నాను. అలాగే టకటకలాడించుకుంటూ బయటికి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఆ అమ్మాయే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. బూట్ల కోసమే వచ్చిందనుకుని గుమ్మంలోనే నిలబెట్టి, "నేనివ్వను" అన్నాను.

తెల్లబోయింది. "ఏమివ్వవు? నీ కాళ్లకి అలా ఎందుకయిందో అడుగుదామని వచ్చా. నాకు భయంగా ఉంది" అంది.

సారు నా బూట్లు తనకు ఇమ్మన్న సంగతే ఆమెకు తెలియదు. చెబితే, "ఛీ, అలా అన్నారా!" అని ముఖం ఎర్రబడిపోయింది. అప్పుడు లోపలికి రమ్మన్నాను. అయినా నా చిరాకు ఒక్కసారిగా పోలేదు. విసుక్కుంటూనే ఆమె చీలమండలు కొలిచి, మిగిలిన రబ్బరుతో వంకర ముక్కలు కోసి ఇచ్చాను. అక్కడ ఏ లైనరు ఇచ్చినా బయటివైపు టేపుతో అంటించుకోమని, ఎముక మీదికి రానివ్వొద్దని రెండుసార్లు చెప్పాను.

ఆమె శిక్షణ పూర్తిచేసి వచ్చింది. మైదానంలో సారు ఆమెను ముందుకు పిలిచి, స్కీయింగ్‌కు ఎలాంటి పాదాలుండాలో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను పళ్లు పటపటా కొరికాను. ఆమె ఆయన మాటకు అడ్డొచ్చింది.

"పాదాలు కాదు సార్. నాకూ అలాంటి పాత బూట్లే ఇచ్చారు. మొదటిరోజే మడమ లేచిపోయింది. ఈ అమ్మాయి కోసిచ్చిన ముక్కలు పెట్టుకున్నాకే నిలబడగలిగాను. పంపాల్సింది ఈమెను."

సారు ముఖం మాడిపోయింది. "అచ్ఛా, అచ్ఛా, దేఖేంగే" అని, చూద్దామన్నట్టు చెయ్యి ఊపి అందరినీ పంపేశాడు. క్షమించమని ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ తర్వాతి చలికాలానికి నన్ను పంపాడు.

నా బూట్లు నేనే మోసుకెళ్లాను. వాలు పైనుంచి కిందిదాకా పడకుండా దిగాను. దిగి చుట్టూ చూస్తే, నా పాదాలను చూసి జాలిపడ్డ శిక్షకుడు ఎక్కడా లేడు. బదిలీ అయిపోయాడట. రెండేళ్లు దాచుకున్న మాటలు ఎవరితో అనాలి? కొత్త శిక్షకుడు, "బాగా దిగావు" అన్నాడు. పాపం, అదే ఆయన చేసిన పొరపాటు. మొత్తం కథ ఆయనకే వినిపించాను, చలిలో నిలబెట్టి.

ఓపిగ్గా విన్నాడు. విని, "అయితే మిగతా అమ్మాయిల బూట్లు కూడా కాస్త చూస్తావా?" అన్నాడు.

"చూడను. స్టోరులోకి కొత్తవి తెప్పించండి" అన్నాను.

తెప్పించారో లేదో నాకు తెలియదు. గదికి వెళ్లేసరికి, నా కథ విన్న ఆ అమ్మాయిలు తమ లైనర్లు పీకి నా మంచం మీద వరసగా పేర్చి ఉంచారు. వాళ్ల మీద నాకేం కోపం? సంచిలోంచి కత్తెర తీశాను.