మునిగారి బ్రాంచి

ఆఫీసులో అందరూ అతన్ని మునిగారు అనేవాళ్లు, ఎదురుగా మాత్రం అనేవాళ్లు కాదు లెండి. ఎవరితోనూ కలవడు, మీటింగులకు రాడు, వచ్చిన మెయిల్ తెరవడు. అక్కడ అందరి కోడూ కలిసి ఉండే చోటును మెయిన్ అంటారు. దాన్నుంచి ఎవరికి వాళ్లు ఒక బ్రాంచి తీసుకుని, పని చేసుకుని, ఎప్పటికప్పుడు తెచ్చి కలపాలి. మునిగారు మాత్రం చలికాలంలో తీసిన బ్రాంచిని ఎండలు ముదిరినా పట్టుకుని వేలాడుతున్నాడు.

బస్సు టికెట్ల యాప్‌లో సీటు ఎంచుకునే తెర అతని పని. కిటికీ పక్క సీటు మీద వేలు పెడితే మెల్లగా వెలుగుతుంది. ఆ వెలుగుకే నెల తగలేశాడు. ఇది చూపిస్తే టీం లీడరు కుర్చీ తనదేనని అతని ధీమా. ధీమాకేం, ఖర్చా?

"సర్, ఒకసారి మెయిన్ తెచ్చుకుని చూసుకోండి. చాలా మారింది," అంది ఎదురు సీటు అమ్మాయి.

"మెయిన్ అంటే సంతమ్మా. నా పనిని సంతలో పెట్టను."

ఆ మాట తనకే తెగ నచ్చేసి, ఇంటికెళ్లి భార్యకూ చెప్పాడు. అప్పటికి అందరి భోజనాలూ అయిపోయాయి. ఖాళీ గిన్నె చూసి మొహం మాడ్చుకున్నాడు.

"పిలిస్తే రారు, వచ్చాక కూర లేదని అలుగుతారు. ఆఫీసులోనూ ఇంతేనా?" అంది ఆవిడ.

మేనేజరు వచ్చి కూర్చున్న రోజున, అందరి ముందూ, గోడ మీది పెద్ద తెరపై మునిగారు తన బ్రాంచిని మెయిన్‌లో కలిపే మెర్జ్ కొట్టాడు. చిన్నాచితకా చిక్కులకు సిద్ధపడే ఉన్నాడు. మెషిన్ ఒక్కటే అడిగింది: ఈ సీటు తెర ఫైలును మెయిన్‌లో తీసేశారు, మీరు మార్చారు. ఉంచాలా, తీసెయ్యాలా?

"సీట్లు ఇప్పుడు యాపే ఇచ్చేస్తోంది కదండీ, ఎంచుకునే పనే లేదు. ఇన్నాళ్లూ దీని మీదే ఉన్నారా?" అన్నాడు మేనేజరు. కోపంగా కూడా అనలేదు.

మునిగారి చెవులు ఎర్రబడ్డాయి. ఏడుపొచ్చింది, దాన్ని తోసుకుంటూ రోషం వచ్చింది. ఉంచు అని నొక్కాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ తెరకు వెళ్లే దారి యాప్‌లో ఎక్కడా లేదు, ఉంటే ఎవరికి నష్టం?

టీం లీడరు కుర్చీ ఎదురు సీటు అమ్మాయికి దక్కింది. ఆమె మొదటి వారంలోనే పనికిరాని ఫైళ్లన్నీ ఊడ్చేసింది, కిటికీ సీటుతో సహా. మునిగారికి ఆ సంగతి ఇంకా తెలియదు. మెర్జ్ కొట్టిన మర్నాడే కొత్త బ్రాంచి తీసుకున్నాడు, మళ్లీ మెయిన్ మొహం చూడలేదు.