తప్పునాది బాబాయి

మా బాబాయి దగ్గర కంప్యూటర్ ముందు కూచుని ఎవరేం పాడుచేసినా, తప్పు మాత్రం ఆయనదే. మైకు తగిలించకుండా పాడినవాడి తప్పు ఆయనది. తగిలించిన మైకుని కాలితో తన్ని ఊడగొట్టినవాడి తప్పూ ఆయనదే. ఒకసారి వీధి మొత్తం కరెంటు పోతే అలవాటు కొద్దీ "తప్పు నాది" అన్నాడు. పిల్లలు ఆయనకి తప్పునాది బాబాయి అని పేరు పెట్టేశారు.

"ఇంట్లో మాత్రం గొళ్ళెం వెయ్యనిదీ నేనే, కుళాయి కట్టనిదీ నేనే. ఈయన ఒప్పుకోవాల్సిన తప్పులన్నీ ఆ గదిలోనే ఖర్చయిపోతాయి, ఇంట్లోకి ఒక్కటీ మిగల్దు" అంటుంది పిన్ని.

ఆ గదిలో ఆయన చేసే పని ఏమిటంటే, లినక్స్ అనే ఉచిత వ్యవస్థలో పాటలూ మాటలూ రికార్డు చేసే ప్రోగ్రాములన్నీ ఏర్చికూర్చి, పాత కంప్యూటర్లలో కూడా నడిచేట్టు చేసి, అడిగినవాళ్ళకి ఊరికే ఇవ్వడం. సరుకు మంచిదే. వాడాలంటే మాత్రం ముందు ఇంజనీరుగా పుట్టాలి. కొత్తవాళ్ళకి ఆ బాధ తప్పించాలని ఆయన తాపత్రయం. వినయం ఎక్కడ కనిపించినా అనుమానించడం నాకు చదువు నేర్పిన విద్య. అందుకని ఈ తప్పునాది అంతా మంచివాడనిపించుకోడానికి వేసే వేషమే అనుకునేవాణ్ణి.

అలా ఉండగా బస్టాండులో ప్రకటనలు చదివే ఆవిడ వచ్చింది.

"వచ్చేనెల రిటైరవుతున్నాను అన్నయ్యగారూ. తర్వాత మిషన్ గొంతు పెడతారట. సోమవారం లోపల అన్నీ నా గొంతుతో రికార్డు చేసిస్తే అదే వేస్తామన్నారు. నేను పోయినా నా గొంతైనా అక్కడ ఉండాలని ఆశ. కంప్యూటరంటే చచ్చేంత భయం."

తెర మీద ఏది కనిపించినా పైకి చదవడం ఆవిడకి వృత్తిరీత్యా అబ్బిన గుణం. రికార్డు బొత్తాం నొక్కీ నొక్కగానే ఏదో వచ్చింది. ఆవిడ గొంతెత్తి, "పిల్ల ప్రక్రియ చంపబడింది. దయచేసి గమనించగలరు" అని చదివింది. రెండో వాక్యం ఆవిడ సొంతం. వీధిలో సైకిల్ మీద పోతున్నాయన దిగి మా కిటికీలోకి తొంగిచూశాడు.

"ఎవరి పిల్లండీ?" అంది ఆవిడ, మొహం పాలిపోయి.

"ఎవరి పిల్లా కాదమ్మా, పెద్ద ప్రోగ్రాం లోపల నడిచే చిన్న ప్రోగ్రాం. తప్పు నాది. ఎవరో ఇంగ్లీషులోంచి మక్కికిమక్కి దించితే నేను చూసుకోలేదు."

అప్పటికప్పుడు మార్చాడు: రికార్డు చేసే ప్రోగ్రాం ఆగిపోయింది. మీ వల్ల కాదు. మళ్ళీ నొక్కండి.

ఆవిడ చదివి నొచ్చుకుంది. "నా వల్ల కాదని అదెలా చెప్తుందండీ? ఇంకా మొదలే పెట్టలేదు."

"తప్పు నాది" అని, 'ఇందులో మీ తప్పేమీ లేదు' అని మళ్ళీ రాశాడు బాబాయి.

మర్నాడు ఆవిడ పొద్దున్నుంచి భోజనాలవేళ దాకా ఊపిరి సలపకుండా చదివింది. వినబోతే చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేదు. తెర మూల ఆవగింజంత బొత్తాం ఒకటుంది, మైకు నోరు మూసేది. దాన్ని నొక్కేసి చదివింది మహాతల్లి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మిషన్ గొంతే పెట్టుకోమనండి. నాకీ జన్మకి రాదు" అంటూ సంచీ తీసుకుని గుమ్మం దాటబోయింది.

"తప్పు నాది" అన్నాడు బాబాయి.

నాకు ఒళ్ళుమండింది. "ఆవిడే నొక్కారు బాబాయ్. నేను చూశాను."

"ఆ బొత్తాన్ని అంత చిన్నదిగా అక్కడ పెట్టిందెవర్రా?"

"నువ్వే."

"మరి?"

గుమ్మంలో ఆవిడ ఆగింది. "నిజంగా మీరే పెట్టారా?"

"నేనేనమ్మా."

"మతుండే పెట్టారా? బస్టాండులో మరుగుదొడ్డి బోర్డు ఇంత చిన్నది పెడితే జనం ఏమైపోతారండీ?" ఆవిడ వెనక్కొచ్చి కూచుంది. సంచీ కింద పెట్టింది. "పెద్దది చెయ్యండి. ఎర్రగా. మైకు మూసి ఉంది అని రాయండి. ఇంకా పెద్దది. మీ కళ్ళకి కాదు, నా కళ్ళకి."

ఇక చూడాలి. ఆవిడ తిట్టడం, ఆయన దిద్దడం. ఆవిడ గొంతు లేచినకొద్దీ ఆయన మొహం వికసించింది. పిన్ని వంటింట్లోంచి పీట తెచ్చుకుని గుమ్మంలో స్థిరపడింది. "ఇన్నాళ్ళకి ఈయనకి తగినవాళ్ళు దొరికారు" అంది తృప్తిగా. ఆదివారానికి బస్సులన్నీ రికార్డయిపోయాయి.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "ఎందుకు పడతావు బాబాయ్ ఇన్ని మాటలు?"

"తనమీద తనకే కోపమొస్తే మనిషి ఇంటికెళ్ళిపోతాడ్రా. నామీదొస్తే కూచుంటాడు. అయినా, బొత్తాం నిజంగానే చిన్నది."

నేను తెర ముందు కూచుని, ఇంకా చిన్నగా ఉన్న బొత్తాలు ఏమున్నాయో వెతకడం మొదలుపెట్టాను.

ఆవిడ గొంతు మొదటిసారి దానంతటది మోగిన రోజు మేమూ బస్టాండుకెళ్ళాం. జనం ఎప్పట్లాగే విని, ఎప్పట్లాగే మూటలెత్తుకుని పరుగెత్తారు. ఎవరికీ తేడా తెలియలేదు. ఆవిడ మాత్రం తన గొంతు తనే వింటూ, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ నించుంది.

"ఇదంతా మీరే చేశారా? ఎవరు నేర్పారు?" అన్నాడు మేనేజరు.

ఆవిడ గొంతు తగ్గించింది. తగ్గించిన ఆవిడ గొంతు నాలుగు ప్లాట్‌ఫారాలకి వినిపిస్తుంది. "ఒకరు నేర్పేదేముంది సార్. అదుగో, ఆయన కంప్యూటరే. పాపం మంచాయన, కానీ అంతగా రాదు. నేనే దగ్గరుండి దిద్దించాను."

బాబాయి మొహం చూశాను. పెళ్ళి ఫొటోలో కూడా అంత వెలుగు లేదు.

ఆవిడ మా దగ్గరకొచ్చింది. "మళ్ళీ ఎక్కడైనా ఇరుక్కుంటే మొహమాటపడకండి అన్నయ్యగారూ. కబురు చెయ్యండి, వస్తాను."

"ఎల్లుండి వీలవుతుందామ్మా?" అన్నాడు బాబాయి వెంటనే. "ఇంకా ఎవరూ తిట్టని ప్రోగ్రాములు బోలెడున్నాయి."